రీలు కడగడానికి ఏ మందు?

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా మామయ్య కొడుకు ఒక పాత క్లిక్ త్రీ కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అటక మీద సామాను దించుతుంటే దొరికింది వదినా, సంచిలో రీలు కూడా ఉంది" అన్నాడు. కాగితం చుట్టి అంటించిన రీలు. మీద ఇందు అని ఉంది. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళు చేసిన ఫిలిం, మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది.

నాన్న దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. 1985 వేసవిలో మామయ్య తీసిన ఫొటోలవి. ఆ తర్వాత పొలం గట్టు గొడవలో ఇద్దరికీ మాటలు పోయాయి. నాన్నేమో ఫొటో స్టూడియోలో ఫిలిం కడిగే మనిషి. ఆయనకివ్వడానికి పంతం, ఇంకొకరికివ్వడానికి మనసొప్పక కాబోలు, మామయ్య దాన్ని అలాగే దాచేశాడు. ఇప్పుడు మామయ్యా లేడు, అమ్మా లేదు. అమ్మ వయసులో ఉన్నప్పటి ఫొటోలు మా ఇంట్లో రెండే.

నాన్నని రీలుతో సహా హైదరాబాద్ తీసుకొచ్చాను. ఇక మొదలైంది మా ఇంట్లో పంచాయితీ. ఏ డెవలపర్‌లో కడగాలి?

"డి-76" అన్నారు నాన్న, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. 1927 నుంచీ ఉన్న మందు. లీటరు నీళ్ళకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. నేను చారు కొలతలు చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు. బోరాక్స్ అంటే మన వెలిగారమే.

మా అమ్మాయి కాఫీతో కడుగుదామంది! నేను నవ్వాను గానీ అది నిజమే. ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సి పొడి కలిపితే ఫిలిం డెవలప్ అవుతుంది. 1995లో అమెరికాలో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కాఫీతో కడిగి చూపించారు. వంట సోడా కాదండోయ్, బట్టలకి వేసే సోడా.

నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఫిలిం పాతబడితే, వెలుతురు తగలకపోయినా, కడిగినప్పుడు మొత్తం మసకేస్తుంది. దాన్నే ఫాగ్ అంటారు. డెవలపర్‌లో ఎక్కువసేపు నానితే బొమ్మతో పాటు ఈ మసకా పెరుగుతుంది. పాత రీళ్ళకి చాలామంది హెచ్‌సి-110 వాడతారు. ఒకప్పుడు తేనెలా చిక్కగా ఉండేది, మసక తక్కువ తెస్తుందని పేరు. రోడినాల్ కూడా ఉంది, 1891 నాటిది. గీతలు పదునుగా వస్తాయి గానీ గ్రెయిన్ బాగా కనిపిస్తుంది. అమ్మ ముఖం మీద ఇసుక చల్లినట్టు వద్దనుకున్నాను.

ఏది ఎంచుకున్నా ఒక్కసారే. కూరలో ఉప్పు ఎక్కువైతే సర్దుకోవచ్చు, దీనికి ఆ వీలు లేదు.

"ముందు చివర చిన్న ముక్క కోసి చూద్దాం. అక్కడ ఎలాగూ కొంత ఖాళీ ఉంటుంది" అన్నారు నాన్న. ఖర్చు లేనిది కదా అని ఆ ముక్కకి కాఫీ. రాత్రి బాత్రూమ్ తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కాం. ఈ ఫిలింకి ఎర్ర లైటు కూడా పనికిరాదు. నాన్న చేతులు వణుకుతున్నాయని అమ్మాయే లోపలికెళ్ళింది. ఆయన బయట స్టూలు మీద కూర్చుని, "మూడు వేళ్ళ వెడల్పు చాలు తల్లీ, తొందరపడకు" అంటూనే ఉన్నారు.

కాఫీ కంపుకి మా వారు బాల్కనీలోకి పారిపోయారు. ముక్క దాదాపు నల్లగా వచ్చింది. లైటుకి పెట్టి చూస్తే అడుగున ఏదో నీడ, చిన్న గౌను లాంటిది. అంటే ఖాళీ కాదు, ఫొటో మీదే కత్తెర పడింది. అమ్మాయి ముఖం వాడిపోయింది. "కొయ్యమన్నది నేను కదమ్మా" అన్నారు నాన్న.

ఆ తర్వాత ఆయన డి-76 మాట ఎత్తలేదు. హెచ్‌సి-110 ఆన్‌లైన్‌లో తెప్పించాం. అర లీటరు నీళ్ళకి 16 మిల్లీలీటర్లు. కుళాయి నీళ్ళు 26 డిగ్రీలుంటే, ఐసు ముక్కలు కవర్లో కట్టి గిన్నెలో తిప్పుతూ 20కి దించింది ఆయనే. మందు నాది, చన్నీళ్ళు ఆయనవి! ఆరు నిమిషాలు. తర్వాత హైపో. ఆ వాసనకి నాన్న కళ్ళు మూసుకున్నారు.

పన్నెండులో ఐదు వచ్చాయి. మిగతావి మసకే. ఒకదాంట్లో అమ్మ డాబా మీద మామిడి ముక్కలు ఆరబోస్తోంది, కొంగు నడుముకి దోపుకుని. నాకిప్పుడున్న వయసులో సగం కూడా లేదు.

చివరిదాంట్లో అమ్మ నిలబడి, పక్కకి చెయ్యి చాపి ఉంది. ఆ చెయ్యి పట్టుకున్నది నేను. కత్తెర సరిగ్గా మా ఇద్దరి మధ్యలో పడింది.

రెండు ముక్కలూ స్కాన్ చేసి అమ్మాయి పక్కపక్కన పెట్టింది. అమ్మ వైపు తేటగా ఉంది, నా వైపు పొగలో ఉన్నట్టుంది. అలాగే ఫ్రేము కట్టించాం.

క్లిక్ త్రీలో ఇప్పుడు కొత్త రీలు వేశారు తాతా మనవరాలూ. సీసాలో నా మందు ఇంకా చాలా మిగిలింది. అయినా "కొత్త ఫిలింకి డి-76 చాలమ్మాయ్" అని నాన్న ప్యాకెట్ తెప్పించేశారు.