ఎత్తు పెంచితే ఆట పెరగదు

విమానం దిగి శంషాబాద్‌లో బయటికి రాగానే మా బామ్మర్ది తన ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్ పికప్‌తో ఎదురొస్తాడు. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారైన బండి అది. 2016లో అక్కడ ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది. నేనుండే ఫీనిక్స్‌లో నాకు టయోటా టకోమా ఉంది. రెండు బండ్లకూ ముందు వైపు ఒకటే పద్ధతి: ఒక్కో చక్రానికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్, మధ్యలో కాయిల్ స్ప్రింగుతో షాక్. ఏ చక్రం ఆట దానిదే. అందుకే ఈసారి, "బావా, ముందర రెండంగుళాలు లేపిద్దామా? స్పేసర్లు తెచ్చి పెట్టిన" అని వాడు అడిగితే పార్కింగ్ దాటకముందే వద్దన్నాను.

వాడి అవసరం మాత్రం నిజమైనదే. నర్కూడలో అమ్మపల్లి గుడి దాటాక పొలానికి పోయే బాటంతా గ్రానైట్ బండలు, ట్రాక్టర్లు తొక్కిన గాడులు. ఎడమ చక్రం బండ ఎక్కితే కుడి చక్రం గాడిలోకి దిగి నేలను అందుకోవాలి. అందుకోలేదా, గాల్లో ఉత్తినే తిరుగుతుంది, నేల మీదున్న చక్రానికి బలం అందదు. అక్కడ కావలసింది ఎత్తు కాదు, చక్రం పైకీ కిందికీ ఆడే మేర.

హైవే పక్కన వాడికి తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి మంచి పనివాడు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రం ఊడదీసి, షాక్‌ను స్ప్రింగుతో సహా బయటికి తీశాడు. కింది ఆర్మ్‌కు చిన్న జాకీ ఆన్చి మెల్లగా లేపుతూ, దించుతూ చూశాం. పైకి లేపితే రబ్బరు బంప్ స్టాపర్ అడ్డొస్తుంది. కిందికి దించితే పై ఆర్మ్ చివరనున్న బాల్ జాయింట్ పిన్ను దాని గిన్నె అంచుకు తగిలి ఆగింది. ఆ సమయంలోనే యాక్సిల్ బయటి కొసనున్న రబ్బరు బూటు పైవైపు మడతలన్నీ ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి, కిందివైపు రబ్బరు బిగుసుకుపోయింది. మేస్త్రి అక్కడ వేలు పెట్టి, "ఇంకింత దిగితే ఇది చినుగుతది సార్. గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. ఇగ జాయింట్ ఎన్ని రోజులుంటది?" అన్నాడు. మా బామ్మర్దికి నా లెక్కలన్నిటికంటే ఆ మాటే బాగా ఎక్కింది.

లెక్క కూడా కష్టమైనదేమీ కాదు. షాక్ పైన స్పేసర్ అనే ఇనుప దిమ్మె పెడితే షాక్ పొడవు మారదు, అది సాగి ముడుచుకునే మేరా మారదు. ఆ మేరంతా కిందికి జరుగుతుంది, అంతే. షాక్ కింది కొస ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది కాబట్టి అంగుళం దిమ్మెకు చక్రం దగ్గర దాదాపు రెండంగుళాల తేడా వస్తుంది. చక్రం వేలాడినప్పుడు షాక్ ఆపాల్సిన చోట బాల్ జాయింట్ ఆపాల్సి వస్తుంది, దాన్ని చేసింది ఆ పనికి కాదు. పైకి నొక్కుకున్నప్పుడేమో బంప్ స్టాపర్ తగలకముందే షాక్ లోపల అడుగు తాకొచ్చు. స్ప్రింగు మీద పెట్టే రకం స్పేసర్‌తో బండి లేస్తుంది గానీ షాక్ సాగే చివరి హద్దు ఉన్నచోటే ఉంటుంది. లేచినంత మేర కిందికి దిగే ఆట తగ్గిపోతుంది. అంటే పొలం బాటలో చక్రం ఇంకా తొందరగా గాల్లోకి లేస్తుంది.

షెడ్డు ముందు నిలబడితే దిగే విమానాల చక్రాలు కనిపిస్తాయి. వాటి స్ట్రట్‌లు పూర్తిగా సాగి వేలాడుతుంటాయి, నేల తాకగానే ముడుచుకుని అంత బరువు దెబ్బనూ మింగేస్తాయి. ఆ మేర లేకపోతే ఎంత ఎత్తు కాళ్లున్నా ఏం లాభం?

ఆట నిజంగా పెంచే దారి లేకపోలేదు. మా టకోమాకు కాస్త పొడవు షాక్‌లు, వాటితోపాటు బాల్ జాయింట్ ఎక్కువ కోణం తిరిగే పై ఆర్మ్‌లు వేయించాను. ఫ్యాక్టరీ కింది ఆర్మ్‌లు, యాక్సిళ్లు అలాగే ఉన్నాయి. ఒకటీ ఒకటిన్నర అంగుళం కలిసొచ్చింది. యాక్సిల్ కోణం అంతకుమించి ఒప్పుకోదు. 1967 నుంచి బాహా 1000 పోటీ నడుస్తున్న మెక్సికో ఎడారిలో 12 అంగుళాలు దాటి చక్రాలు ఆడే బండ్లున్నాయి, కానీ వాటి ఆర్మ్‌లే పొడవు. దానికి తగ్గట్టు యాక్సిళ్లు, టై రాడ్లు, మడ్‌గార్డులు అన్నీ మార్చాలి, బండి వెడల్పే పెరుగుతుంది. ఇక్కడ అది కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు నాకు సబబుగానే తోస్తుంది. అదే రోడ్డు మీద స్కూటర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని పోయేవాళ్లున్నారు.

కాబట్టి కంపెనీ ఇచ్చిన ఆటనే పూర్తిగా వాడుకుందామన్నాను. తీసి చూసిన షాక్ ఆయిల్ కారి తడిసి ఉంది, స్ప్రింగు విడదీసి చేత్తో నొక్కితే తిరిగి రావడానికే బద్ధకిస్తోంది. రెండు వైపులా కంపెనీవే కొత్తవి తెప్పించాం. కింది ఆర్మ్ బుష్‌లు పగుళ్లిచ్చాయి, అవీ మార్చాం. వాటి బోల్టుల దగ్గర మేస్త్రిని కాసేపు ఆపాను. చక్రం వేలాడుతుండగానే బిగిస్తే బండి నేల మీద నిలబడ్డ క్షణం నుంచే బుష్ రబ్బరు మెలిపడి ఉంటుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. బండిని చక్రాల మీదకు దించి, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు వేయించాను. రెండు చక్రాలను కలిపే స్టెబిలైజర్ బార్ లింకు విప్పడం కూడా మా బామ్మర్దికి నేర్పాను. పొలం బాటలో విప్పితే ఒక చక్రం లేచినప్పుడు రెండోదాన్ని పైకి లాగదు. హైవే ఎక్కేముందు మళ్లీ తగిలించాల్సిందే. అది లేకుండా పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగంగా మలుపు తిప్పితే బండి ఒరుగుతుంది.

స్పేసర్లు షాపులో తిరిగి ఇచ్చేశాడు. వీల్ అలైన్‌మెంట్ అయింది. ఇక వెనక కమాన్ పట్టీలు చూడాలి. వడ్ల బస్తాలు వేసి ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలిచి పంపమన్నాను.