ముందరి ఫోర్కు

నాయొద్ద 2004వ సంవత్సరమున కొన్న సైకిలొకటి యున్నది. మా దేవరకొండ ప్రాంతమున నిట్టిదానిని రేంజరు సైకిలందురు. పట్టణమువారు మౌంటెను బైకందురు. లావుపాటి టైర్లు, 26 అంగుళముల చక్రములు, వెడల్పుగా చాచిన హ్యాండిలు, ముందు స్ప్రింగుల ఫోర్కు. ఇది దాని స్వరూపము. గత వర్షకాలమున నా ఫోర్కు చెడిపోయినది. ఒక కాలు త్రుప్పుపట్టి బిగిసిపోయెను. రెండవకాలు వదులై లొటలొటలాడసాగెను.

దీనికొక వ్యాసమేల యని చదువరులడుగవచ్చును. నా మణికట్ల సంగతి చెప్పినగాని సమాధానము కుదురదు. నేను మర్రిగూడ వైపు పుట్టి, యౌవనము వచ్చువరకు ఆ భూగర్భజలమునే త్రాగినవాడను. ఆ నీటిలోని ఫ్లోరైడు మా తరమువారి పండ్లకు పసుపురంగు పూసెను. కొందరి వెన్నులను వంచెను. నన్ను మాత్రము మెడయు మణికట్లును బిగించి విడిచిపెట్టెను. పటిక, సున్నము కలిపి నీటినుండి ఫ్లోరైడును తీయు విధానమును నాగపురములోని నీరీ సంస్థవారు రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరువచ్చినది. పోచంపల్లి చీరలవలన మా జిల్లాకు వచ్చిన పేరొకటి, ఈ నీటివలన వచ్చిన పేరొకటి. ఇప్పుడు కుళాయిలలో కృష్ణానీరు వచ్చుచున్నది. పిల్లలకది మేలు. నా యెముకలలో చేరినది చేరినదే.

కీళ్ళు కదలుచుండవలెను గాని యదరరాదని వైద్యుడు నాకు చెప్పెను. నాకు కదలిక యనగా సైకిలే. నెలకొకమారు డిండి దాటి అచ్చంపేట వైపునున్న మా అక్క యింటికి దానిమీదనే పోవుదును. ఆ ప్రాంతము మొన్నటిదాక మహబూబునగరము జిల్లా. 2016 నుండి నాగరుకర్నూలు జిల్లా. జిల్లా మారినను దారి మారలేదు. సగము తారురోడ్డు, సగము మొరముబాట; ప్రక్కల సర్కారు తుమ్మ, నడుమ పల్లేరుకాయలు. ఇట్టి దారిలో స్ప్రింగులు లేని ఫోర్కు వేసికొందునా, వేసికొన్నచో నా చేతులోర్చునా యనునది ప్రశ్న.

హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఫోనులో నవ్వెను. "మామా, ఇరవై ఆరు ఇంచుల కాలం పోయింది. ఇప్పుడంతా ఇరవై తొమ్మిదే. దాన్ని పాతసామానోడికిచ్చి కొత్తది తీసుకో" అనెను. వాని మాటలో కొంత నిజము లేకపోలేదు. పెద్దచక్రము గుంతలో తక్కువ దిగును. రాతిని సుళువుగ నెక్కును. కాని కాలము పోయినదను మాట నాకు నచ్చదు. ఒకప్పుడు సైకిలు, గడియారము, రేడియో లేనిదే పెండ్లిపీటలమీద కూర్చుండమనిన వరుల నెరుగుదుము. నేడు షాకాబ్జర్లు లేని సైకిలును మా వీధి పిల్లలు ముట్టరు. వారికమ్ము తక్కువవెల ఫోర్కులలో స్ప్రింగును నిగ్రహించు నూనె యుండదు. ఒక గుంతలో పడినచో మూడుమార్లు గంతులిడును. అలంకారమునకు ధర చెల్లించి, బరువును మోయుచున్నాము. నా పాతఫోర్కును కిరాణా కాటామీద తూచగా 2 కిలోల 400 గ్రాములు తూగినది. తరువాత వేసిన సాదా ఉక్కుఫోర్కు 1 కిలో 100 గ్రాములు.

ఇక చక్రముల కొలతలు. ఈ 26 అంగుళములనునది యెవరైన శాస్త్రజ్ఞులు ఆలోచించి నిర్ణయించినది కాదు. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీవారు లావుటైర్ల సైకిళ్ళు తెచ్చిరి. నలుబదేండ్ల తరువాత కాలిఫోర్నియాలోని మెరిన్ ప్రాంతపు యువకులు, పాతబడిన అట్టి సైకిళ్ళను కొండలపైనుండి దిగువకు దొర్లించుచు పందెములు వేసికొనిరి. చేతికి దొరికిన చక్రములవి. వానికొలతయే మౌంటెను బైకుల కొలతయైనది. స్ప్రింగుఫోర్కులు విరివిగా వచ్చినది 1989లో రాక్‌షాక్స్‌వారి ఫోర్కు వెలువడిన తరువాతనే. అంతవరకు ఆ కొండలను దిగినవారందరును సాదాఫోర్కులతో దిగినవారే.

పేర్లను నమ్మరాదు. టైరు కూర్చుండు రిమ్ముచోటి వ్యాసమే యసలు కొలత. నా సైకిలుకది 559 మిల్లీమీటర్లు, 27.5 అనుదానికి 584; 29 అనుదానికి 622. మన పాలవాండ్రు, కల్లుగీత పనివారు త్రొక్కుచు వచ్చిన పెద్దసైకిలును 28 అంగుళములదందురు. దాని రిమ్ము 635! అనగా మేనల్లుడు క్రొత్తవింతగ చెప్పిన 29 కన్న మా తాతలు త్రొక్కిన 28 రిమ్మే పెద్దది. ఆ సైకిళ్ళకు షాకాబ్జర్లు లేవు. ఐనను కల్లుకుండలు పగులకుండ బండ్లబాటలమీద వచ్చుచుండెడివి. పెద్దచక్రమొక కారణము, ముందుకు బాగుగ వంచిన ఫోర్కుకాళ్ళు కొంత వంగి లేచుట మరియొకటి.

ఇంత చదివినవాడను తొందరలో పొరపడితిని. పట్టణమునుండి తపాలాలో నొక సాదాఫోర్కును తెప్పించితిని. పంపినవారు కొలతలడుగలేదు, నేనును చెప్పలేదు. హ్యాండిలు గొట్టములో సరిగా నిమిడినందున సంతోషించితిని. మొదటి ఆదివారమే మొరముబాట దిగుచుండగా సైకిలు నా మాట వినక ప్రక్కకు చివుక్కున తిరిగెను. పెడలొక రాతికి కొట్టుకొనెను. నేను పల్లేరులలో పడితిని. బిగిసిన మణికట్టే క్రిందవచ్చినది. పదునైదు దినములు అన్నము ఎడమచేత తింటిని.

దేవరకొండలోని మా మేస్త్రి పెద్దగ చదువుకొన్నవాడు కాడు. సైకిలును దూరమున నిలిపి చూచి, "సారూ, దీని ముక్కు వాలింది. బండి ముంగటికి తోస్తది" అనెను. టేపుతో ఇరుసునుండి ఫోర్కు భుజమువరకు కొలిచెను. పాతది 452 మిల్లీమీటర్లు. మంచిస్థితిలో నున్నప్పుడు నేనెక్కి కూర్చుండినచో సుమారు 435కు దిగియుండును. క్రొత్తది 395 మాత్రమే. స్ప్రింగులకొరకు కట్టిన చట్రమునకు, స్ప్రింగులెరుగని కాలపు పొట్టిఫోర్కును తగిలించితిని! సుమారు 20 మిల్లీమీటర్లు తగ్గినచో హ్యాండిలు గొట్టము ఒక డిగ్రీ నిటారగును. నాది రెండు డిగ్రీలైనది. పెడళ్ళ ఇరుసు ఒకటిన్నర సెంటీమీటరు నేలకు దిగినది. నేను లెక్కవేసి తెలిసికొన్న దానిని మేస్త్రి కంటితో చూచెను.

ఈ పొట్టిఫోర్కులోనే పెద్దచక్రము పెట్టినచో ఎత్తు కలిసివచ్చును గదా యని మేనల్లుడు మరల సలహా యిచ్చెను. ఆలోచన చెడ్డది కాదు. 29 చక్రము ముందుభాగమును 31 మిల్లీమీటర్లకు పైగ లేపును. కాని నా బ్రేకులు రిమ్మును పట్టుకొను రబ్బరు బ్రేకులు. వాని కొయ్యలు 559 రిమ్ముకే అతికింపబడియున్నవి. పెద్దరిమ్మును అవి యందుకొనలేవు. డిస్కుబ్రేకులు కావలెనన్నచో చక్రముల నడిమి హబ్బులతోసహా అన్నియు మార్చవలెను. వెనుక చట్రములో 29కి చోటే లేదు. క్రొత్తసైకిలు కొనువానికి 29 వలదని నేననను. ఉన్నదానిని నిలుపుకొనువానికి చట్రమే యజమాని. పైగా పంక్చరు కానున్నది నల్లగొండ పట్టణములో కాదు, డిండికావల. అక్కడి చిన్నదుకాణములలో వ్రేలాడునవి 26 టైర్లు, 28 టైర్లు మాత్రమే.

రెండవమారు కొలత చెప్పి, 435 మిల్లీమీటర్ల సాదాఫోర్కునే తెప్పించితిని. చక్రములు 26వే యుంచితిని. మరి యదురు? దాని భారమంతయు టైరుమీద వేసితిమి. ముందు 2.25 అంగుళముల టైరు వేసి, గాలి తగ్గించితిమి. 22 పౌండ్లు పెట్టిచూడగా మెత్తగ నుండెను గాని, రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగి రెండు చిల్లులు పడెను. 28 పౌండ్లు నా బరువునకు సరిపోయినది. హ్యాండిలు పిడులకు లావుపాటి రబ్బరు తొడిగితిని. మణికట్లు నొప్పిలేకుండపోలేదు. తెల్లవారి లోటా పట్టునప్పుడు ఇంకను తెలియుచునే యున్నది. కాని మునుపు ఎనిమిది మైళ్ళకు దిగి చేతులు విదిలించుకొనువాడను ఇప్పుడు డిండి కట్టవరకు దిగకుండ పోవుచున్నాను.

క్రిందటి నెల అక్క యింటి ముంగిట సైకిలు నిలిపి లోనికి పోయితిని. ఆమె బియ్యము చెరుగుచు ఉలికిపడెను.

"ఎప్పుడొచ్చినవురా? నీ బండి లొటలొట వినపడకపాయె. నువ్వొచ్చినట్టే తెల్వలే" అనెను.