అవ్వ తిత్తి అన్న నీళ్ళసంచి

మా నాగలాపురం ఇంట్లో ఇప్పుడు దాన్ని అందరూ తిత్తి అనే అంటున్నారు. మొదట్లో పిల్లలు వాటర్ బ్యాగ్ అనేవారు. వీపుకు తగిలించుకునే సంచిలో రెండు లీటర్లు పట్టే మెత్తని ప్లాస్టిక్ తిత్తి, దాన్నుంచి భుజం మీదుగా నోటిదాకా వచ్చే గొట్టం, గొట్టం కొసన కొరికితే నీళ్ళు వచ్చే రబ్బరు మూతి. అమెరికాలో ఉండే మా చిన్నోడు తెచ్చి ఇచ్చినాడు. 1980ల చివర్లో టెక్సాసులో మండుటెండలో జరిగే సైకిల్ పందెం కోసం ఒకాయన సెలైన్ సంచిలో నీళ్ళు నింపి, మేజోడులో దూర్చి వీపుకు కట్టుకున్నాడట. ఆ ఉపాయమే ఈ సరుకైందని వాడే చెప్పినాడు.

అవ్వ చేత్తో ఒత్తి చూసి, "ఇదేంది, తిత్తే గదప్పా" అనింది. ఆమె చిన్నప్పుడు చేలోకి పోయేవాళ్ళు సొరబుర్రలో నీళ్ళు పట్టుకొని పోయేవారు. తోట బావి మీద కపిల ఉండేది, దాన్నే తమిళంలో కమలై అంటారు. కపిల బానకు అడుగున తోలు తొండం. అందుకని ఆమెకు ఇది కొత్తగా కనబడలేదు. కొత్తదనుకున్నది మేమే. తప్పంతా అక్కడే వచ్చింది.

ఆడి అమావాస్యకు చతురగిరి ఎక్కినాం. వత్తిరాయిరుప్పు దాటి తాణిపారైలో బండి దిగితే అక్కడినుంచి నడకే. రాళ్ళ దారి, మధ్యలో వాగులు. సుందర మహాలింగం గుడి చేరేసరికి కాళ్ళు మనవి కావు. ఆ రోజు తిత్తి బాగా పనికొచ్చింది. ఆగి సంచి విప్పే పని లేదు, నడుస్తూనే ఒక గుక్క. పిల్లలు అడిగినారని అందులో గ్లూకోజు, నిమ్మరసం కలిపినాం. ఇంటికొచ్చి మిగిలింది పారబోసి, ఒకసారి తొలిచి, మూత బిగించి అటక మీద పెట్టేసినాం. ఆడి పోయింది, ఐప్పసి కార్తీకల అడమళ పోయింది, ఆరు నెలలు దాన్ని ఎవరూ తియ్యలేదు.

తై అమావాస్యకు మళ్ళీ బయలుదేరినాం. ఈసారి అవ్వ మొక్కు. ఆమె ఎక్కలేదు గనక మా పాప చేతికి కానుక ముడుపిచ్చి పంపింది. పాపకు పదకొండేండ్లు. పొద్దున చీకట్లో తిత్తిలో నీళ్ళు నింపినాం, గొట్టానికి నల్ల గుడ్డ తొడుగు ఉండింది, లోపల ఏముందో ఎవరూ చూడలేదు. రెండో వాగు దాటినాక పాప "నీళ్ళు మట్టి వాసనొస్తాండాయి" అనింది. కొండ నీళ్ళలాగే ఉంటాయిలే, తాగు అన్నాం. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ మాకు సిగ్గే. ఇంకో గంటకు కడుపు నొప్పి, వాంతులు. ఇద్దరం మార్చి మార్చి ఎత్తుకొని దిగినాం. ముడుపు అట్లనే ఇంటికి తిరిగొచ్చింది.

నీళ్ళ వల్లేనని డాక్టరు ఖాయంగా చెప్పలేదు. కానీ ఇంట్లో తొడుగు లాగి చూస్తే గొట్టం పొడుగునా నల్ల చుక్కలు, రబ్బరు మూతి లోపల జిగట. అంతకు మించి రుజువు మాకు అక్కరలేకపోయింది.

అప్పుడు కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అవ్వ వాటిని తిరగేస్తూ అనింది: "పచ్చి మీద మిరపకాయ మూట గడతామా? గడితే బూజు పట్టి మూటంతా పోతాది. ఈ తిత్తిని మాత్రం తడితోనే కట్టి పారేస్తిరి." మేము తలెత్తలేదు. ఎండిన కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి, ఆ ఆనవాలు మాకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

గొట్టం పారేసి కొత్తది తెప్పించినాం. తిత్తిని దక్కించుకున్నాం. గోరువెచ్చని నీళ్ళు లీటరుకు రెండు పెద్ద చెంచాల సోడా ఉప్పు కలిపి, నింపి, తిత్తిని ఎత్తి పట్టి గొట్టంలోకి కూడా వదిలి అరగంట ఉంచాలి. మరిగే నీళ్ళు పోస్తే అతుకులు చెడిపోతాయి. కొందరు రెండు మూడు చుక్కల బ్లీచు వేస్తారు. వేస్తే దాంతో వెనిగరు మాత్రం కలపొద్దు, విషపు గాలి పుడుతుంది. గొట్టానికి సన్న బ్రష్షు అమ్ముతారు. మాకది చేతికి వచ్చేదాకా పావడాకు నాడా ఎక్కించినట్టే చేసినాం: దారాన్ని నీళ్ళతోపాటు గొట్టంలోకి వదిలి, కొసకు గుడ్డ పీలిక కట్టి లాగడం.

కడగడం సగం పనే. ఆరబెట్టడం దగ్గరే మనం ఓడిపోతాం, ఎందుకంటే ప్లాస్టిక్ గోడలు రెండూ ఒకదానికొకటి అంటుకుంటాయి, నడుమ తడి నిలబడిపోతుంది. కపిల తొండాన్ని పని లేని నాళ్ళలో లోపల పుల్లలు అడ్డం పెట్టి నీడన వేలాడదీసేవారని అవ్వ చెప్పింది. మేము శుభ్రమైన పప్పుగుత్తి దూర్చినాం. సరిగ్గా సరిపోయింది. ఎండలో పెడితే ప్లాస్టిక్ పెళుసవుతుంది, గనక వసారాలో గాలి తగిలే చోట తలకిందులుగా. గొట్టం ఊడదీసి, వాకిట్లో వడిసెల తిప్పినట్టు గిరగిరా తిప్పితే లోపలి చుక్కలు ఎగిరిపోతాయి. ఈ పనికి పిల్లలు పోటీ పడతారు. రబ్బరు మూతి కూడా విడదీసి ఆరాల్సిందే. ఒకసారి దాన్ని కళ్ళం గట్టు మీద పెట్టినాం, మిరప ఘాటు పట్టింది. తర్వాత తాగినవాడి పెదవులు సాయంత్రందాకా మండినాయి.

మా కరిసల్ నేలలో ఎండాకాలం ఒక రోజుకే ఆరిపోతుంది. ఐప్పసిలో మూడు రోజులైనా ఆరదు. అప్పుడు నీళ్ళు వంచేసి తిత్తిని, గొట్టాన్ని ఫ్రీజరులో పెడతాం. ఆ చలికి బూజు పెరగదు. చావదు, ఆగుతుంది అంతే, గనక తీసినాక కడిగే వాడాలి. చలి దేశాల్లో, తేమ ఊళ్ళలో ఉండే మనవాళ్ళకు ఇదే సులువు. తీపి, పులుపు ఏదీ ఇప్పుడు తిత్తిలో పొయ్యం. గ్లూకోజు వేరే సీసాలో పోతుంది.

వచ్చే ఆడి అమావాస్యకు ముడుపు తీసుకొని పోవాలి. నిన్న పాప తిత్తిని దించి, మూతి ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, చెవి దగ్గర ఆడించింది. చప్పుడు రాలేదు. "ఆరిందవ్వా" అని కేకేసింది. అవ్వ లోపలినుంచి, "ఇంకొక పొద్దు ఉండనీ" అనింది.