ఒక తీగ – రెండు యంత్రములు

విద్య యిచ్చిన కొలదిని పెరుగునని పెద్దలు చెప్పిరి. మేమును ఇరువది సంవత్సరములుగా పాఠశాలలో పిల్లలకీ మాటయే చెప్పుచున్నాము. కాని విద్య వచ్చు త్రోవ అట్టిది కాదు. అంతర్జాలమును మఱొకరికి పంచియిచ్చినచో మన వేగము కొంత తగ్గును. కావున నిచట పంచుట యనగా నిజముగా కొంత వదలుకొనుట. ఏమియు వదలుకొనకయే పంచితిమని చెప్పుకొనుట మనవారికి మిక్కిలి సులభమైన వ్రతము!

గత సంవత్సరము మా పొరుగువారు మమ్ము పిలిపించిరి. ఆ యింట కుమారునకు క్రొత్త లాప్‌టాపు కలదు. అతడు విడిచిన పాత డెస్క్‌టాపు కుమార్తె వంతునకు వచ్చినది. దానికి వైఫై నందుకొను శక్తి లేదు. “మాస్టారూ! అబ్బాయి దాంట్లో నెట్టు వస్తోంది గదా, అందులోంచి అమ్మాయికి కాస్త ఇప్పించండి” అని తండ్రి యడిగెను. ఆ “కాస్త” యను మాటను చదువరులు గుర్తుంచుకొందురు గాక.

చేయవలసిన పని స్వల్పమే. విండోసునందీ సౌకర్యము 1999లో వెలువడిన విండోస్ 98 రెండవ కూర్పునుండియు కలదు. ముందుగా రెండు యంత్రముల ఈథర్‌నెట్ రంధ్రములను ఒక కేబులుతో కలుపవలెను. దానిలోపల నెనిమిది సన్నని తీగలు నాలుగు జంటలుగా పెనవేసికొని యుండును. పూర్వమిట్లు రెండు యంత్రములను సూటిగా కలుపుటకు తీగలు తారుమారు చేసిన ప్రత్యేకపు కేబులు కావలసియుండెడిది. నేటి యంత్రములు చాలవఱకు ఆ మార్పును తామే చేసికొనును. పిదప లాప్‌టాపు కంట్రోల్ ప్యానెలులో నెట్‌వర్క్ కనెక్షన్ల పట్టిక తెరచి, వైఫై గుర్తుయొక్క ప్రాపర్టీసులో ‘షేరింగ్’ అను పుటకు పోయి, మొదటి గడిలో టిక్కు పెట్టి, ఈథర్‌నెట్‌ను ఎన్నుకొనవలెను. అంతట లాప్‌టాపు తన ఈథర్‌నెట్ కొసకు 192.168.137.1 అను చిరునామా పెట్టుకొని, డెస్క్‌టాపునకును ఒక చిరునామా నిచ్చును. డెస్క్‌టాపులో వెనుకటి చిరునామా యేదైన చేతితో వ్రాసియున్నచో దానిని తీసివేసి, తనంతట పొందునట్లు మార్చవలెను. పెక్కుసారులు పని ఆగిపోవునది యిచ్చటనే.

ఇక నిందలి కిటుకు చూతము. డెస్క్‌టాపు పంపు ప్రతి విన్నపమును లాప్‌టాపు పుచ్చుకొని, పంపినవారి చిరునామా చెరిపి, తన చిరునామా వేసి, రౌటరునకు పంపును. జవాబు రాగా తన పట్టిక చూచి ఎవరిది వారికి చేర్చును. దీనికి ‘నాట్’ అని పేరు. 1994లో దీని వివరము ప్రకటితమైనది. ఐపీ నాలుగవ కూర్పున చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే యగుటచే పొదుపు కొఱకు పుట్టిన యుపాయమిది. ఉపాయము మంచిదే. కాని రౌటరు దృష్టికి లాప్‌టాపొక్కటియే యున్నది, డెస్క్‌టాపు లేనేలేదు. మా చిన్ననాట స్త్రీల పేర వచ్చు నుత్తరములపై ‘కేరాఫ్’ అని యింటి మగవాని పేరు వ్రాసెడివారు. ఆ తపాలా పద్ధతి పోయినదనుకొంటిమి; పోలేదు, యంత్రములలో చేరినది.

రెండు వారములు గడచెను. ఒక సాయంకాలము ఆ బాలిక కళాశాల ప్రవేశపు దరఖాస్తు నింపుచుండెను. ఆ రాత్రితో గడువు ముగియును. అన్న లాప్‌టాపు మూతవేసి స్నేహితుని యింటికి పోయెను. మూత పడగానే ఆ యంత్రము నిద్రించినది. డెస్క్‌టాపునకు దారి మూసికొనిపోయినది. ఆమె మా యింటికి వచ్చి మా ఫోనులో దరఖాస్తు ముగించుకొని పోయెను. అన్న దుర్మార్గుడు కాడు. చెల్లెలు వాడుకొనుచున్నదను సంగతియే ఆతనికి తోచలేదు. మన యిండ్లలో జరుగు నన్యాయములలో పెక్కులిట్టివే: చేయువానికి తెలియవు; పడువారికి మాత్రమే తెలియును.

మరునాడు మేము మూత వేసినను నిద్రింపకుండునట్లు లాప్‌టాపు అమరికను మార్పించితిమి. ‘షేరింగ్’ పుటలోనే రెండవ గడియొకటి కలదు. కనెక్షనును అదుపు చేయుటకును నిలిపివేయుటకును ఇతరులకు సైతము అనుమతి నిచ్చునదది. మొదటి గడి దానము, రెండవది అధికారము. మొదటిదానిలో టిక్కు పెట్టుటకు వెనుదీయనివారు రెండవదానికడ తటపటాయింతురు. అయినను లాప్‌టాపును సంచిలో పెట్టుకొని పోయినప్పుడు ఏ గడియు నక్కఱకు రాదు. కావున డెస్క్‌టాపునకు సొంతముగా వైఫై నందుకొను యూఎస్‌బీ పరికరమును కొనుడని తండ్రితో చెప్పితిమి. అది కొన్ని వందల రూపాయలకే దొరకును. “ఆడపిల్లకి వేరే ఎందుకండీ, నడుస్తోంది గదా!” అని ఆయన యనెను. అన్నగారి మూత తెరచియున్నంతవఱకు నడుచునని మేమంటిమి. గుమ్మమున నిలిచి వినుచున్న తల్లి యేమియు పలుకలేదు. ఆ వారములోనే తన చేతి డబ్బుతో దానిని తెప్పించెను.

ఇది యొక్క యింటి ముచ్చట కాదు. 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము గ్రామములలో నూటికి 4.4 కుటుంబములకును, పట్టణములలో 23.4 కుటుంబములకును మాత్రమే కంప్యూటరు కలదు. ఇంటికొక్కటియే యున్నచోట అది యెవరి బల్లపై నుండునో చెప్పనక్కఱలేదు. 2019లో కేరళ ఉన్నత న్యాయస్థానము, వసతిగృహమున ఫోను నిర్బంధమునకు లోబడనందున వెలివేయబడిన యొక విద్యార్థిని వ్యాజ్యమున, అంతర్జాలమును పొందుట విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పెను. న్యాయస్థానము హక్కన్నదానిని మన వసారాలలో నింకను “కాస్త” అనుచున్నాము.

తీగ వేయవలదని మేమనము. వేయుడు, నేడే వేయుడు. ఏమియు లేనిదానికంటె నది వేయిమడుగులు మేలు. కాని తీగ తాత్కాలికము. ఒకరి మూత క్రింద మఱొకరి చదువు నడచుట ధర్మము కాదు. పంచియిచ్చినవాడు మొదట తన మూత తెరచియుంచవలెను. పిమ్మట తన మూతతో పనిలేకుండ చేయవలెను. ఈ రెండవ పని చేసినవాడే పంచియిచ్చినవాడు. తక్కినవాడు దారికడ కాపలా యున్నవాడు.