రీబూట్ తరువాత ఏం మిగులుతుంది?



మా ఇంట్లో అట్టపెట్టెలు పారేయం. ఊరు మారిన ప్రతిసారీ వాటి మీద పాత ఊరి పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తాం. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే తంతు కదా! అందుకే పై తరగతి పిల్లలు కంప్యూటర్ ల్యాబులో వేసిన ప్రశ్న మా మనసులో నిలిచిపోయింది: "రెండు ప్రోగ్రాములు మాట్లాడుకుంటుండగా కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైతే, ఆ మాటలు ఏమవుతాయి?" మేము చెప్పేది తెలుగే అయినా, కంప్యూటర్ మేడం పక్కన కూర్చుని జవాబు తెలుసుకున్నాం.

ప్రతి ప్రోగ్రామూ తన గదిలో తలుపేసుకుని పనిచేస్తుంది. ఒకదాని మెమరీలోకి మరొకటి తొంగిచూడలేదు. అవి మాట్లాడుకోవడానికి ఆపరేటింగ్ సిస్టం కొన్ని ఏర్పాట్లు చేస్తుంది. యూనిక్స్, లినక్స్‌లలో ముఖ్యమైనవి మూడు: సందేశాలు వరుసలో నిలిచే మెసేజ్ క్యూ, అందరూ రాసుకునే ఉమ్మడి పలక లాంటి షేర్డ్ మెమరీ, ఎవరి వంతు ఎప్పుడో చెప్పే సెమాఫోర్. మూడోది రైల్వే పిల్లలకు చుట్టమే. రెక్క ఎత్తి దించే పాత సిగ్నల్ పేరది. ఒకే పట్టాల మీదికి రెండు బళ్లు రాకుండా సిగ్నల్ కాపాడినట్టే, ఒకే చోట రెండు ప్రోగ్రాములు ఒకేసారి చెయ్యి పెట్టకుండా ఇదీ కాపాడుతుంది. 1960లలో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ ఆలోచనను కంప్యూటర్లలోకి తెచ్చాడు.

వీటిలో ఒక వింత ఉంది. సిస్టం ఫైవ్ పద్ధతిలో చేసిన క్యూ, దాన్ని చేసిన ప్రోగ్రాం ముగిసిపోయినా పోదు. అందుకోని సందేశాలతో అలాగే ఎదురుచూస్తుంది. 'ఐపీసీఎస్' అనే ఆదేశం ఇస్తే కనబడుతుంది, 'ఐపీసీఆర్ఎం' ఇస్తే పోతుంది. కానీ రీబూట్ అయితే ఈ మూడూ మాయం! అవి ఉండేది కెర్నెల్ మెమరీలో, డిస్కులో కాదు.

పేరున్న పైపు సంగతి వేరు. దాని పేరు డిస్కులో మిగులుతుంది, లోపలి మాటలు మాత్రం పోతాయి. డిస్కులో ఉన్న సాకెట్ ఫైలూ అంతే. ఖాళీ చేసిన క్వార్టరు గుమ్మానికి పాతవాళ్ల పేరు పలక వేలాడుతున్నట్టు! కొత్త ప్రోగ్రాం అదే పేరుతో దిగాలంటే ముందు ఆ పలక తీసేయాలి. లేకపోతే 'ఈ చిరునామా వాడుకలో ఉంది' అని సిస్టం అడ్డు చెబుతుంది.

అందుకే తెలివైన ప్రోగ్రాములు రెండు జాగ్రత్తలు తీసుకుంటాయి. పోకూడనిదాన్ని ముందే డిస్కులో రాస్తాయి. ఏ 'కీ'తో కలుసుకోవాలో ముందే ఒప్పందం చేసుకుంటాయి. రీబూట్ తరువాత మొదట వచ్చినది, క్యూ లేకపోతే ఆ కీతో కొత్తది చేస్తుంది. రెండోది అదే కీతో వచ్చి కలుస్తుంది.

రీబూట్ వల్ల మేలూ ఉంది. ఒక ప్రోగ్రాం సెమాఫోర్ పట్టుకుని వదలకుండానే ఆగిపోతే, మిగతావి ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. రీబూట్ ఆ చిక్కును తుడిచేస్తుంది. పాత బడిలో మీకు అంటగట్టిన 'అల్లరోడు', 'మొద్దు' అనే పేర్లు కొత్త బడికి రాకపోవడం కూడా అలాంటి మేలే.

మరి పోయేవాటి మాటేమిటి? వెనకటి ఊళ్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె టీసీ చేతిలో పట్టుకుని మమ్మల్ని అడిగింది: "మేడం, అక్కడ తెలుగు చెప్పరట. ఇంక నేను మర్చిపోవడమేనా?"

ఆ ప్రశ్నకు ఖరగ్‌పూరే జవాబు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికోసం వచ్చిన తెలుగువాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడున్నారు. మథురాకాటిలో, నీంపురాలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఒకసారి తెచ్చుకుని పెట్టెలో దాచినందుకు కాదు, ప్రతి ఇంట్లో ప్రతి తరమూ అదే కీతో మళ్లీ మొదలుపెట్టినందుకు. కొత్త ఊళ్లో "మీరు తెలుగువాళ్లా?" అన్న మాటే ఆ కీ. దాన్ని ముందుగా అడిగేది మీరే కావచ్చు.

కాబట్టి పిల్లలూ, ఈసారి సామాను కట్టే ముందు మీ నోటుబుక్కులో రెండు పనులు చేయండి. స్నేహితుల క్వార్టరు నంబరు కాదు, సొంతూరి చిరునామా రాయించుకోండి. క్వార్టర్లు మారిపోతాయి. తరువాత ఈ ఊరి గురించి ఒక పేజీ తెలుగులో మీ చేత్తో రాయండి. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. మనసులో ఉన్నది మెమరీలో ఉన్నట్టు, కాగితం మీద పెట్టినది డిస్కులో ఉన్నట్టు.