ఖటోదరా నుండి లేఖలు

ఖటోదరా, సూరతు

అన్నగారికి,

తపతీనది యొడ్డున వెలసిన యీ నగరమున, ఖటోదరా పారిశ్రామికవాటికలో నిన్నటి ప్రొద్దంతయు గడపితిని. తెలంగాణమునుండి వలసవచ్చి సూరతు మగ్గములను నడపుచున్న నేతకుటుంబములను గూర్చి మీరెరుగుదురు; అట్టి కుటుంబమున జన్మించి, నేతను విడిచి మరమ్మతుల షెడ్డు పెట్టుకొనిన యొక పెద్దమనిషి నా చేతికొక షాఫ్టు నిచ్చి, "చూడున్రి సారూ, ఇది స్టీలేనా?" అని యడిగెను.

అది అద్దకపు యంత్రములో తిరుగు స్టెయిన్‌లెస్ ఉక్కు. రసాయనములకు లొంగని దయ్యును సహజముగ మెత్తని దగుటచే, లోహముతో లోహము ఒరసికొన్నచోట గీతలుపడి పట్టివేయును. అందులకై ఎచటనో నైట్రైడింగు, అనగా ఉక్కులోనికి నత్రజని నెక్కించుట, చేయించెనట. గట్టిదనము వచ్చినది గాని కొలది మాసములలోనే గోధుమవన్నె మచ్చలు తేలినవి.

త్రుప్పును నివారించునది క్రోమియము. ఉక్కులో అది కనీసము 10.5 శాతమున్నప్పుడు ప్రాణవాయువుతో గలిసి, కంటి కగపడని పొరయై లోహమును కప్పును. గీచినను మరల పుట్టును. సాధారణపు టుక్కులకు వాడుకయైన 500, 550 డిగ్రీల వేడిమిలో నత్రజని నెక్కించినచో ఆ క్రోమియమంతయు నైట్రైడుగా మారి, పొరను పుట్టించుటకు మిగులదు. ఇది వినిపింపగా ఆయన చాలసేపు షాఫ్టునే చూచుచు, "గట్టిగ చేద్దామని దాని కడుపు కొట్టిన్రన్నట్టు" అనెను.

గాంధీనగరము

అన్నగారికి,

ఆ షాఫ్టు నా మనస్సును వీడకుండుటచే ఇచటికి వచ్చితిని. ఇచటి ప్లాస్మా పరిశోధనాసంస్థ 1986లో నేర్పడినది. పరిశ్రమల యవసరములకై అది 1997లో ప్రత్యేకకేంద్రమును నెలకొల్పినది.

ఇచటి ప్లాస్మా పద్ధతి యిది: గాలి తీసివేసిన పాత్రలో స్వల్పముగ నత్రజని, ఉదజనులను విడిచి, పనిముట్టును ఋణధ్రువముగ జేసి కొన్నివందల వోల్టుల విద్యుత్తును పంపగా, దానిచుట్టు ఊదావన్నె కాంతి యావరించును. అయానుల తాకిడికి నత్రజని నడ్డగించు ఆ రక్షణపొర తొలగిపోవును. వేడిమి 450 డిగ్రీలకు లోబడియున్నచో క్రోమియము కదలజాలదు; చిన్నవైన నత్రజని పరమాణువులు మాత్రము, నిండిన బస్తాలోనికి మరికొన్ని గింజలు కూరినట్లు, ఇనుపపరమాణువుల సందులలో నిరుకుకొని లోహమును బిగువెక్కించును. నత్రజని నిండిన ఈ గట్టి పొరను గూర్చి 1985లో ఇంగ్లండున జాంగ్, బెల్ అనువారు ప్రకటించిరి. విక్కర్సు మానమున 200 ప్రాంతమున నుండు కాఠిన్యము 1000 దాటును. త్రుప్పు నాపు గుణము చెడదు. పొర మందము పది, ఇరువది మైక్రానులే. అందులకును పెక్కుగంటలు పట్టును. ఆ ఓపిక లేక వేడిమిని పెంచుటవలననే ఖటోదరా షాఫ్టు చెడినదని నా నిశ్చితాభిప్రాయము.

మన ఆటోనగరు షెడ్డునుండి స్టెయిన్‌లెస్ భాగములను నైట్రైడింగునకు పంపునపుడెల్ల, వేడిమి 450 డిగ్రీలు దాటరాదని ఆర్డరు కాగితముపై తప్పక వ్రాయింపుడు. పని ముగిసినపిమ్మట ఒక ముక్కను ఉప్పునీటి తుంపరలో పరీక్షింపనిదే సరకు తీసికొనకుడు.