గాజు గది డ్యూటీ

మా షోలాపూర్ నుంచి బెంగుళూరు వెళ్ళేవారికి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ చాలా అనుకూలం. మధ్యాహ్నం ఎక్కి కూర్చుంటే మరునాటి పొద్దుటికి దిగవచ్చును. కలబురిగి, వాడి దాటాక కృష్ణ వస్తుంది. రాయచూరు అవతల మంత్రాలయం రోడ్డు, ఆదోని, గుంతకల్లు స్టేషన్లలో చీకట్లో తెలుగు కేకలు వినబడతాయి. మూడు తరాలుగా మరాఠీ ఊళ్ళో ఉంటున్న నాకు ఆ కేకలు పుట్టింటి పిలుపులాగా ఉంటాయి. మనం తెలంగాణం నుంచి వచ్చినవాళ్ళం, రాయలసీమ మనకు పుట్టిల్లు ఎప్పుడయిందని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. ఆమె మాటా నిజమే.

నేను వెళ్ళినది విహారయాత్రకు కాదు. మా అక్కగారి అమ్మాయి నిశ్చితార్థం. ఆఫీసులో నాలుగు రోజులు సెలవు దొరికింది. బెంగుళూరులో లాల్‌బాగ్, విధానసౌధ చూడదగినవని అందరికీ తెలుసును కనుక వాటి జోలికి పోను. ఈసారి నేను చూచినది ఒక బారులోని గాజు గది. ఆ సంగతి మన పత్రికకు వ్రాయాలనిపించింది.

మా బావ కబ్బన్‌పేటలో ఉంటాడు. పక్క వీధిలోనే చిన్న అంగడి. బెంగుళూరులో ఇలాంటి అంగళ్ళను 'కాండిమెంట్స్' అంటారు. ఆ బోర్డు చూచి ఉప్పూ మిరియాలూ అమ్ముతారనుకుని వెళ్ళేరు! అక్కడ దొరికేవి చిన్న గ్లాసులో చాయ్, బన్ను, అరటిపండు, సిగరెట్టు. గల్లాపెట్టె పక్కన దారానికి కట్టి ఒక లైటరు వేలాడుతుంది. కంప్యూటరు ఉద్యోగస్థులు, ఆటోవాళ్ళు, కాలేజీ పిల్లలు వరుసగా వచ్చి ఆ దారం లాగి అంటించుకుని పేవ్‌మెంటు మీద నిలబడి చాయ్ త్రాగుతారు. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో సిగరెట్టు, భుజానికీ చెవికీ మధ్య ఫోను. ఎలా తూచుకుంటారో గాని గ్లాసు మాత్రం జారదు.

"బార్లల్ల సిగరెట్టు బందు చేస్తె నాకే మంచిది బామ్మర్దీ. లోపట తాగేటోడు బయటికొచ్చి నా దగ్గర నిలబడ్తడు. చాయ్ గూడ తాగ్తడు," అన్నాడు బావ. లోకమంతా నడుస్తున్న చర్చలో ఇంత నిక్కచ్చిగా తన పక్షం చెప్పినవాడిని నేను మరొకరిని వినలేదు.

బావ కొడుకు, అంటే నా మేనల్లుడు, చర్చి స్ట్రీట్ దగ్గర ఒక బార్ అండ్ రెస్టారెంటులో వడ్డించే పని చేస్తున్నాడు. ఇరవై మూడేళ్ళవాడు. నిశ్చితార్థం మరునాడు నన్ను అటు తీసుకువెళ్ళాడు. ముందు ఇండియన్ కాఫీ హౌస్‌లో కూర్చున్నాము. ఇది 2009లో ఎం.జి. రోడ్డు నుంచి చర్చి స్ట్రీట్‌కు మారింది. తలపాగా పెట్టుకున్న నౌకర్లు తెచ్చే ఆ కాఫీ కోసం పాత బెంగుళూరువాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. కాఫీ త్రాగుతూ మావాడు నాలుగుసార్లు దగ్గాడు. ఎండుదగ్గు. అడిగితే "ఆరు నెలల నుంచి ఉంది మామా" అన్నాడు.

తరువాత వాడి బారుకు వెళ్ళాము. మధ్యాహ్నం మూడు గంటలు, జనం లేరు. హాలులో "ఇక్కడ పొగ త్రాగడం నేరం" అన్న బోర్డు ఉన్నది, బల్లల మీద బూడిదగిన్నె లేదు. అంతవరకు బాగానే ఉన్నది. వెనుకవైపు అద్దాల గది. అందులో ఆరు బల్లలు, ప్రతి బల్ల మీదా బూడిదగిన్నె. దానంతట అదే మూసుకోవలసిన తలుపును మూసుకోకుండా ఒక అట్టముక్క మడిచి అడ్డం పెట్టారు. పొగను బయటికి తోయవలసిన ఫ్యాను మెట్ల దారిలోకి తోస్తోంది. ఆ వేళ అక్కడ ఎవరూ లేరు గాని గోడలు, సోఫాలు, పైకప్పు అన్నీ నిన్నటి రాత్రిని వాసనగా దాచుకుని ఉన్నాయి. నేను రెండు నిమిషాలకంటె నిలవలేకపోయాను. మావాడు అక్కడ రాత్రి పన్నెండున్నర దాకా ఉంటాడు.

నేను గుమాస్తాను గనుక ఉత్తర్వులు చదవడం అలవాటు. 2003 నాటి పొగాకు చట్టం క్రింద కొత్త నిబంధనలు 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు అమలులోకి వచ్చాయి. హోటళ్ళవాళ్ళు, సిగరెట్టు వ్యాపారులు కోర్టుకెక్కినా సుప్రీంకోర్టు వాటిని నిలిపివేయలేదు. ఆఫీసులలో, సినిమాహాళ్ళలో, హోటళ్ళలో, బార్లలో పొగ త్రాగరాదు. కాని ఒక సందు ఉంచారు. 30 కుర్చీలో అంతకు మించో ఉన్న హోటలు వేరుగా ఒక గది కట్టుకోవచ్చును. దానికి నాలుగు వైపులా పైకప్పుదాకా గోడలుండాలి, తలుపు తనంతట తానే మూసుకోవాలి, గాలి నేరుగా భవనం బయటికి పోవాలి. 2017లో ఇంకొక మాట చేర్చారు: ఆ గదిలో వడ్డన చేయరాదు.

ఈ మాట చెబితే మావాడు నవ్వాడు. "రూలు తెలుసు మామా. గిరాకీ అద్దం మీద వేలితో కొడితె పోకుంటె ఎట్ల? మేనేజరు ఏమంటడంటె, వడ్డించకు, బల్ల మీద పెట్టి వచ్చెయ్యి అంటడు." బల్ల మీద పెట్టిరావడానికీ వడ్డించడానికీ తేడా ఏమిటో మా ఆఫీసు ఆడిటరు కూడా చెప్పలేడు.

డాక్టరు దగ్గరకు వెళితే ఆయన మొదట అడిగినది, రోజుకు ఎన్ని తాగుతావని. వీడు ఒక్కటీ తాగనన్నాడు. ఆయన నమ్మినట్టు లేదు. ఆమాటకొస్తే మా అక్క కూడా నమ్మలేదు. ఉతకబోయే చొక్కాలు ముక్కు దగ్గర పెట్టుకుని చూచి ఎన్నోసార్లు ఏడ్చిందట. నిశ్చితార్థం రోజున వాడు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి పెళ్ళివారికి మంచినీళ్ళు ఇస్తుంటే, వియ్యాలవారి పెద్దాయన బావ చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో బావ మాకు చెప్పలేదు. సాయంత్రందాకా కొడుకుతో మాట్లాడనూ లేదు.

ఇలాంటి కథే కెనడాలో ఒకటి జరిగింది. ఒట్టావా నగరంలో హెదర్ క్రో అనే ఆవిడ సుమారు 40 ఏళ్ళు హోటళ్ళలో వడ్డించింది. జన్మలో సిగరెట్టు ముట్టలేదు. 2002లో ఊపిరితిత్తుల కాన్సరు అని తేలింది. పనిచేసిన చోటి పొగవల్లే వచ్చినదని కార్మికుల పరిహార సంస్థ ఒప్పుకున్నది. ఆవిడ ఇంటిపట్టున కూర్చోలేదు. దేశమంతా తిరిగి, వడ్డించేవాళ్ళ ఊపిరి గురించి ఆలోచించండని చెప్పింది. 2006 మే 22న కన్నుమూసింది. ఒంటారియో రాష్ట్రంలో హోటళ్ళు, బార్లలో నిషేధం మే 31న అమలయింది. తొమ్మిది రోజులు! ఐర్లండులో 2004 మార్చిలోనే కల్లుపాకల వంటి వాళ్ళ పబ్బులతో సహా పనిచేసే చోట్లన్నిటా మానిపించారు. అక్కడి చట్టం పుట్టినదే పనివాళ్ళ ఆరోగ్యం పేర. మన దగ్గర చర్చ వస్తే గిరాకీ హక్కు, యజమాని నష్టం అంటారు గాని ట్రే పట్టుకుని నిలుచున్నవాడి పేరు ఎత్తరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ చర్చే లేచింది. బావ వాళ్ళ పైవాటాలో ఉండే ఆయన ఒక బారులో లెక్కలు వ్రాస్తాడు. మంచి మనిషి. కర్ణాటకలో 2025లో వచ్చిన సవరణ చట్టం హుక్కా బార్లను మూయించిందనీ, జరిమానా 200 నుంచి 1,000 రూపాయలు చేసిందనీ, ఇక గాజు గదులు కూడా తీయిస్తే ఇరవైమంది పనివాళ్ళను ఇంటికి పంపాలనీ అన్నాడు. నేను ఊరుకున్నాను. అప్పుడు ఆయన నావైపు తిరిగి, "షోలాపూరువారు మీరే చెప్పండి. ఒక్కొక్కటే నిషేధించుకుంటూ పోతే మీ ఊళ్ళో బీడీలు చుట్టే ఆడవాళ్ళ గతి ఏమిటి?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు తగిలింది. మా అమ్మ ముప్ఫై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టింది. ఒడిలో చాట, చాటలో తంబాకు, తడిపిన తునికాకు, కత్తెర, దారం. రోజుకు వెయ్యి. నేను మెట్రిక్ పరీక్షకు కట్టిన ఫీజు ఆ చాటలోనిదే. మా పేటలో ఇంటింటా తెలుగు ఆడవాళ్ళు అదే పని మీద పిల్లలను పెంచారు, ఇప్పటికీ పెంచుతున్నారు. హోటళ్ళలోని గదులను తీసివేయాలన్న ముసాయిదాను 2021 జనవరిలో కేంద్రం ప్రజల ముందు పెట్టినప్పుడు, అందులోని తక్కిన షరతులకు బీడీ కార్మికులు బెదిరి వీధికెక్కారు. ఆ బెదురు ఉత్తది కాదు.

అయినా ఆయనను ఒకటి అడిగాను. "మీ గాజు గదిలో బీడీ తాగే గిరాకీ ఎవరైనా వస్తాడా?" ఆయన ఆలోచించి, రాడన్నాడు. అక్కడ వెలిగేవన్నీ సిగరెట్లే. మా అమ్మ చుట్టిన బీడీ చాయ్ బండి దగ్గర, రిక్షా స్టాండులో, పొలం గట్టున కాలుతుంది. బారు గడప తొక్కదు. మరి బారు గదిని కాపాడడానికి మా అమ్మ చాట ఎందుకు అడ్డం పెట్టాలి? బీడీ ఆడవాళ్ళకు కావలసినది వేరే పని, అందాకా సరియైన కూలి. గాజు గదులు వెయ్యి కట్టినా వాళ్ళకు ఒక్క కట్ట గిరాకీ పెరగదు. నా మాట కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది. అక్క చారు గిన్నె తెచ్చి మా మధ్య పెట్టింది.

తిరిగి వచ్చాక అమ్మకు అంతా చెప్పాను. ఆమెకు ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు, చాట మాని ఆరేళ్ళయింది. విని విని, "లోపట కూసోని ఎందుకు తాగనిస్తరురా? మన సాంచాల కార్ఖానల ఎవడన్న అంటిస్తడా? బయటికి పొమ్మంటరు గద" అన్నది. నిజమే. మా ఊళ్ళో మరమగ్గాల షెడ్డులో ఎంత పెద్దవాడైనా లోపల అగ్గిపుల్ల గీయడు. నూలు అంటుకుంటుందని భయం. 2017 డిసెంబరు 29న ముంబయి కమలా మిల్స్‌లో మిద్దె మీది రెస్టారెంట్లు కాలి 14 మంది పోయారు. హుక్కా నిప్పురవ్వలే కారణమని విచారణలో తేల్చారు. మరుసటి ఏడాది మహారాష్ట్రలో హుక్కా పార్లర్లను నిషేధించారు. నూలుకు ఉన్న పాటి కాపుదల మావాడి రొమ్ముకు లేకపోయింది.

పది రోజుల తరువాత మేనల్లుడు ఫోను చేశాడు. మేనేజరును బతిమాలితే బిల్లింగు కౌంటరుకు మార్చాడట. దగ్గు కొంచెం తగ్గిందన్నాడు. అమ్మ ఫోను లాక్కుని వాడితో చాలాసేపు మాట్లాడింది. చివర నేను, గాజు గది డ్యూటీ ఇప్పుడెవరిదని అడిగాను.

"కొత్తగ వచ్చిండు మామా, పందొమ్మిదేండ్లోడు. బరంపురం అట. మన తెలుగోడే."